చిటికె వేసే పురుగు

పిల్లలూ! ఒకసారి చిటికె వెయ్యండి చూద్దాం. వేశారా? ఇంకొకసారి వెయ్యండి. ఈసారి చప్పుడు వినడం కాదు, మీ వేళ్లకేసి చూస్తూ వెయ్యండి. నడిమివేలు బొటనవేలికి ఆనుకుని ఉంటుంది. మీరు దాన్ని గట్టిగా నొక్కుతారు. అది కదలదు. ఇంకా నొక్కుతారు. ఇంకా కదలదు. అంతలో పట్టు జారి, వేలు రివ్వున వెళ్లి అరచేతిని "టక్" మని కొడుతుంది.

ఈ పని మీరు వేళ్లతో చేశారు. వానాకాలంలో మన ఇళ్ల దీపాల దగ్గరకు వచ్చే ఒక చిన్న పురుగు ఇదే పని ఒళ్లంతటితో చేస్తుంది. ఇంగ్లీషువాళ్లు దానికి పెట్టిన పేరుకు "టిక్కుమనే పురుగు" అని అర్థం. మనం ఇక్కడ దాన్ని చిటికెపురుగు అని పిలుచుకుందాం.

నేను దాన్ని సరిగా చూసింది శ్రీరాంపూర్‌లో. మంచిర్యాల దగ్గర గోదావరికి చేరువలో ఉన్న బొగ్గుగనుల ఊరు అది. ఇదివరకు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉన్నది. గనిలో పని పగలూ రాత్రీ షిఫ్టులవారీగా సాగుతుంది గనక, ఆ ఊళ్లో దీపాలకు నిద్ర లేదు. తొలకరి వానలు పడ్డాయంటే ఒక్కొక్క దీపం కింద పురుగుల సంత జరుగుతుంది.

అటువంటి ఒక రాత్రి నేను బంధువుల ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దీపస్తంభం కింద నలుగురైదుగురు పిల్లలు ఆడుకుంటున్నారు. వారిలో ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చి అరచెయ్యి చాపి, "తాతా, చూడు, ఈ పురుగు చచ్చిపోయింది," అన్నాడు.

చూశాను. సీతాఫలం గింజను కొంచెం సాగదీసినట్టు, నున్నగా, నల్లగా, పొడుగ్గా ఉన్నది. వెల్లకిలా పడి, కాళ్లన్నీ పొట్టకు ముడుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నది. "అయ్యో పాపం," అందామని నేను నోరు తెరిచేలోగా "టక్" మని చప్పుడయింది. చచ్చిన పురుగు కుర్రవాడి ముక్కు దాకా ఎగిరి, నా ఒళ్లో పడి, చకచకా నడవసాగింది. కుర్రవాడు కెవ్వుమన్నాడు. వాడి అక్క చెప్పు చేతిలోకి తీసుకున్నది.

"ఉండు తల్లీ, అది కుట్టదు, కరవదు," అని చెప్పి ఆపాను. కుర్రవాడు కాస్త తేరుకున్నాక మంచి ప్రశ్న వేశాడు. "తాతా, దానికి ఆరు కాళ్లున్నాయి గదా! కాళ్లతో లేవక అట్లా ఎందుకు ఎగిరింది?"

పెద్దవాళ్లు చాలామంది అడగని ప్రశ్న ఇది. జవాబు చెప్పాలంటే మొదట ఒక సంగతి గమనించాలి. నేలమీద వెల్లకిలా పడడం మీకూ నాకూ నవ్వులాట. గట్టి డిప్ప ఉన్న పురుగుకు అది ప్రాణగండం. తెల్లవారి దీపస్తంభం కింద చూడండి. ఎన్నో పురుగులు కాళ్లు పైకి పెట్టి గింజుకుంటూ ఉంటాయి. కొన్ని అప్పటికే గింజుకుని గింజుకుని అలసి ఊరుకుని ఉంటాయి. చీమలు వరస కట్టి వస్తూ ఉంటాయి. కాకులూ, గోరింకలూ, తొండలూ కూడా ఆ దారినే వస్తాయి. లేచినది బతుకుతుంది, లేవనిది చీమల పాలవుతుంది.

చిటికెపురుగు వీపు నున్నగా, కొంచెం గుండ్రంగా ఉంటుంది. కాళ్లు మరీ పొట్టివి. వెల్లకిలా పడితే అవి నేలను అందుకోలేవు. పేడపురుగువలె కాళ్లు అటూ ఇటూ కొట్టుకుని, ఏ గడ్డిపోచో దొరికితే పట్టుకుని లేవవచ్చు. కాని గచ్చు నేలమీద గడ్డిపోచ ఎక్కడ దొరుకుతుంది? అందుకని అది కాళ్లను పక్కకు పెట్టి వేరే ఉపాయం పన్నుతుంది.

ఆ ఉపాయం దాని రొమ్ములో ఉన్నది. చిటికెపురుగు ఒంటిని రెండు ముక్కలుగా అనుకోండి. తలా, దాని వెనుక ఉన్న మెడవంటి భాగమూ ఒక ముక్క. మిగిలిన ఒళ్లంతా రెండో ముక్క. ఈ రెండింటి మధ్య తలుపుకు మడతబందు ఉన్నట్టు ఒక కీలు ఉన్నది. తక్కిన పురుగులకు ఈ చోట ఇంత వదులు ఉండదు. ముందు ముక్క అడుగుభాగాన వెనక్కు పొడుచుకు వచ్చిన ఒక మేకు ఉంటుంది. వెనుక ముక్కలో ఆ మేకు సరిగా పట్టేంత గుంట ఉంటుంది. గుంట అంచున చిన్న గట్టు ఉన్నది. కీలకమంతా ఆ గట్టులోనే ఉన్నది.

పురుగు వెల్లకిలా పడగానే ఏం చేస్తుందో చూడండి. మొదట ఒంటిని విల్లులా వంచుతుంది. తల కొసా, తోక కొసా నేలకు ఆని ఉంటాయి, నడుము నేలనుంచి పైకి లేస్తుంది. ఇప్పుడు మేకు కొన వచ్చి గట్టుకు తట్టుకుని నిలుస్తుంది. లోపల ఉన్న బలమైన కండ ముడుచుకోవడం మొదలుపెడుతుంది. అది మేకును గుంటలోకి లాగుతూ ఉంటుంది, గట్టు వదలదు. కండ ఇంకా లాగుతుంది, గట్టు ఇంకా వదలదు. ఈ లాగుడుకు కీలు దగ్గర ఉన్న మెత్తని పొర స్ప్రింగువలె వంగి, బలమంతా తనలో దాచుకుంటుంది. కడకు మేకు గట్టు జారి, గుంటలోకి దిగుతుంది. అప్పుడే మనకు "టక్" మని వినిపిస్తుంది. దాచుకున్న బలమంతా ఒక్కసారిగా బయటపడి, విల్లులా వెనక్కు వంగిన ఒళ్లు పొట్టవైపుకు మడతపడుతుంది. నడుము నేలను తోస్తుంది, నేల దాన్ని పైకి తోస్తుంది. పురుగు గాలిలో పిల్లిమొగ్గలు వేస్తుంది.

ఇప్పుడు మళ్లీ మీ చిటికె జ్ఞాపకం తెచ్చుకోండి. మేకు మీ నడిమివేలు, గట్టు మీ బొటనవేలు. రెండూ ఒకే మాయ.

"కండకు అంత బలం ఉంటే ఈ మేకూ గట్టూ ఎందుకు? కండ ఒక్కసారిగా లాగేస్తే పోలా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. పోదు. ఎందుకంటే కండకు బలం ఉన్నది కాని, అంత తొందర లేదు. ఒక బాణాన్ని చేత్తో పట్టి విసరండి, నాలుగు గజాలలో పడుతుంది. అదే బాణాన్ని వింట సంధించి, నెమ్మదిగా నారి లాగి వదలండి, ఎక్కడికో వెళ్లిపోతుంది. బలం మీ చేతిదే! కాని విల్లు దాన్ని కాస్త కాస్తగా కూడబెట్టి, ఒక్క క్షణంలో ఖర్చు చేస్తుంది. ఉండేలు కూడా అంతే. చిటికెపురుగు తన విల్లును తన ఒంట్లోనే పెట్టుకుని పుట్టింది.

మన చిటికె ఎంత వేగమైనదో 2021లో అమెరికా శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే, అందులో 7 ముక్కల కాలంలో వేలు తన పని ముగిస్తుందట. రెప్పపాటు దీనికి ఇరవై రెట్లు పడుతుంది. ఇక చిటికెపురుగు సంగతి వినండి. 1972, 1973 సంవత్సరాలలో ఎవాన్స్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు తమ దేశపు చిటికెపురుగు ఒకదాన్ని పట్టి, దాని గెంతును వేగంగా పనిచేసే కెమెరాతో పరీక్షించాడు. అది నేలను విడవడానికి పట్టిన కాలం సెకనులో వెయ్యో వంతుకంటే కూడా తక్కువ. గెంతిన ఎత్తు సుమారు 30 సెంటిమీటర్లు, అంటే మీ బడి స్కేలంత! ఆ ఊపులో పురుగు మీద పడిన ఒత్తిడి భూమ్యాకర్షణకు 380 రెట్లు. రాకెట్టులో ఆకాశానికి వెళ్లేవారు మూడు నాలుగు రెట్లకే ఊపిరి బిగబట్టుకుంటారు. పురుగు చిన్నదీ, డిప్ప గట్టిదీ, ఆ ఒత్తిడి ఉండేది రవ్వంత సేపూ గనక దానికేమీ కాదు.

ఈమధ్య 2021లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు ఎక్స్‌రే సాయంతో ఆ మేకు లోపల జారడాన్ని కూడా చూశారు. తరువాత ఆ పద్ధతిలోనే గెంతే బుల్లి యంత్రాలను తయారుచేశారు. మనిషి చెయ్యి దూరని ఇరుకుల్లోకి అటువంటి యంత్రాన్ని పంపితే, అది బోర్లాపడినా తనంతట తానే లేవాలి గదా!

అయితే ఒక చిన్న మోసం ఉన్నది. అంత గొప్పగా ఎగిరిన పురుగు ప్రతిసారీ కాళ్లమీదనే దిగుతుందా? దిగదు. గాలిలో అది ఎటు తిరగాలో దాని చేతిలో లేదు. పైకి వేసిన రూపాయి బిళ్లలాగా బొమ్మో బొరుసో! వెల్లకిలా పడితే మళ్లీ వంగుతుంది, మళ్లీ "టక్". ఆ రాత్రి మేము ఒక పలకమీద పెట్టి లెక్కపెట్టాం. మొదటి పురుగు ఒక్క గెంతులోనే నిలబడి, మాకేసి చూడకుండా నడిచిపోయింది. రెండోది నాలుగుసార్లు గెంతింది. మూడోది ఎంతకూ గెంతలేదు. చచ్చినట్టు నటిస్తూ ఉండిపోయింది. పిల్లలు విసుగెత్తి మరో ఆటకు వెళ్లిపోయిన తరువాత నింపాదిగా గెంతింది. నిజానికి అలా నటించడం కూడా దాని రక్షణే. కదలనిదాన్ని చాలా పిట్టలు పట్టించుకోవు. పట్టుకున్నా, ముక్కులో పురుగు "టక్" మని ఎగిరిపడితే పిట్ట ఉలిక్కిపడి వదిలేయవచ్చు. మన కుర్రవాడు వదలలేదూ!

మీరు కూడా ఈ పరీక్ష చేయవచ్చు. పలకమీద పెట్టండి, పక్కన స్కేలు నిలబెట్టండి. పది గెంతులలో ఎన్నిసార్లు కాళ్లమీద దిగిందో కాగితంమీద రాయండి. తరువాత అదే పురుగును మడత పెట్టిన దుప్పటిమీద ఉంచి చూడండి. పలకమీద ఎగిరినంత ఎత్తు ఎగిరిందో లేదో మీకే తెలుస్తుంది. పది గెంతులయ్యాక దాన్ని దీపానికి దూరంగా, చీకట్లో, మట్టిమీద వదలండి.

చిటికెపురుగును గుర్తుపట్టడం కష్టం కాదు. ఒళ్లు పొడుగ్గా పడవలా ఉంటుంది. మెడభాగం వెనుక మూలలు రెండూ ముళ్లలా వెనక్కు సాగి ఉంటాయి. కాని ఒక్క జాగ్రత్త. దీపాల దగ్గరకే ఇంకొక పురుగు వస్తుంది. చీమలా సన్నగా ఉండి, ఒంటిమీద నారింజ రంగూ నలుపూ పట్టెలు ఉంటాయి. అది కుట్టదు గాని, ఒంటిమీద నలిగితే దాని రసం తగిలినచోట చర్మం బొబ్బలెక్కుతుంది. దాన్ని చేత్తో ముట్టకండి. ఒంటిమీద వాలితే నలపకుండా ఊది పారేయండి. నలిగితే వెంటనే సబ్బుతో కడుక్కోండి.

ఇంతవరకూ చిటికెపురుగును మెచ్చుకున్నాం. రైతును అడిగితే వేరే మాట చెప్పవచ్చు. ఎందుకంటే ఈ పురుగు పిల్లగా ఉన్నప్పుడు మట్టిలో బతుకుతుంది. సన్నగా, గట్టిగా, పసుపూ గోధుమా కలిసిన రంగులో, తెంపిన రాగితీగ ముక్కలా ఉంటుంది. అందుకే దాన్ని తీగెపురుగు అంటారు. కొన్ని జాతుల తీగెపురుగులు మొక్కజొన్న గింజలనూ, ఆలుగడ్డలనూ, లేత వేళ్లనూ మట్టిలోనే తొలిచి తినేస్తాయి. చలిదేశాలలో ఇవి మూడు నాలుగేళ్లు కూడా అలా భూమిలో ఉండిపోతాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండులో తిండికి కరువు వస్తుందని పచ్చిక బీళ్లను దున్ని పైరు వేశారు. గడ్డివేళ్లు తింటూ అక్కడే ఉన్న తీగెపురుగులు పైరుమీద పడ్డాయి. అప్పుడు శాస్త్రజ్ఞులు పొలం పొలానికీ వెళ్లి మట్టి తవ్వి, తీగెపురుగులను లెక్కపెట్టవలసివచ్చింది. అట్లాగని అన్ని జాతులూ చెడ్డవి కావు. పుచ్చిన మానుల్లో ఉండి, అక్కడి ఇతర పురుగుల పిల్లలను తిని బతికేవి ఎన్నో ఉన్నాయి. ప్రపంచంలో చిటికెపురుగుల జాతులు సుమారు 10,000. అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ఇక దీని చుట్టాలను చూద్దాం. దగ్గరి చుట్టం ఎవరో చెబితే నమ్మరు. మిణుగురు పురుగు! ఒకటి చప్పుడు చేస్తుంది, ఒకటి వెలుగు చేస్తుంది. కాని శాస్త్రజ్ఞులు రెండింటినీ ఒకే పెద్ద కుటుంబంలో చేర్చారు. అమెరికా ఖండంలోని వేడిప్రాంతాలలో ఉండే కొన్ని చిటికెపురుగులను చూస్తే ఆ చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. అవి గెంతడమే కాదు, వెలుగుతాయి కూడా. మెడభాగానికి చెరొక వైపున పచ్చని దీపాలు రెండు, మోటారుకారుకు ఉన్నట్టు! అక్కడి ఆడవాళ్లు ఒకప్పుడు వాటిని జడలో నగలలాగా పెట్టుకునేవారు.

1885లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రఫాయేల్ ద్యుబ్వా అటువంటి పురుగుల దీపాలను నూరి పరీక్షలు చేశాడు. చన్నీళ్లలో కలిపినది కాసేపు వెలిగి ఆరిపోయింది. వేన్నీళ్లలో కలిపినది వెలగనే లేదు. ఆరిపోయిన చన్నీళ్లలో ఈ వేన్నీటి రసం పోస్తే మళ్లీ వెలుగు వచ్చింది! దీన్నిబట్టి వెలుగుకు రెండు పదార్థాలు కలవాలని తేలింది. ఒకటి వత్తీ నూనెలాగా ఖర్చయ్యేది, రెండోది దాన్ని వెలిగించేది. ఈ రోజు ప్రయోగశాలలలో రోగాలను గురించి పరిశోధన చేసేవారు ఆ రెండో పదార్థాన్ని దీపంగా వాడుకుంటున్నారు. కణం లోపల ఏం జరుగుతున్నదో ఆ వెలుగు వారికి చూపుతుంది.

మన మిణుగురులకు మాత్రం మన దీపాలే శత్రువులు. చీకట్లో ఒకదానినొకటి పిలుచుకోవడానికి అవి మినుకుమంటాయి. వీధి అంతా పట్టపగలులా ఉంటే ఆ పిలుపు ఎవరికి కనిపిస్తుంది? శ్రీరాంపూర్‌లో ఆ రాత్రి దీపస్తంభం కింద ఒక్క మిణుగురు లేదు. దీపాలు దాటి పొలాలవైపు పోయినప్పుడు నాలుగైదు కనిపించాయి.

ఇంకొక చుట్టం మీకందరికీ తెలిసినదే, జీరంగి. తుమ్మచెట్టుమీద దొరుకుతుంది, పచ్చగా బంగారంలా మెరుస్తుంది. దాన్ని పట్టి అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెట్టని వాళ్లు మీ తాతల్లో అరుదు. నేనూ పెట్టాను. రెండు రోజులకు అది చచ్చిపోతే ఏడ్చాను కూడా. వెనుకటి శాస్త్రజ్ఞులు ఆకారం చూసి జీరంగిని చిటికెపురుగు పక్కనే కూర్చోబెట్టారు. ఇప్పటివారు కాస్త దూరం జరిపి వేరే శాఖలో పెట్టారు. దానికి చిటికె వెయ్యడం రాదు. కాని రెక్కలకు ఉన్న అందం చూడండి! అది అద్దిన రంగు కాదు. సబ్బుబుడగలో లాగా పలచని పొరలమీద వెలుగు పడి చేసే తమాషా. అందుకే పురుగు చచ్చి ఏళ్లు గడిచినా రంగు వెలవదు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసులోనూ, హైదరాబాదులోనూ ఈ రెక్కలను బట్టలమీద జరీతో కలిపి కుట్టేవారు. 1888లో లండన్‌లో ఎలెన్ టెరీ అనే గొప్ప నటి "మాక్బెత్" నాటకంలో తొడుక్కున్న గౌనుకు ఇటువంటి రెక్కలు సుమారు వెయ్యి కుట్టారు. ఆ గౌను ఇప్పటికీ మెరుస్తూనే ఉన్నది.

శ్రీరాంపూర్ సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ ఊరి నేలకింద ఉన్న బొగ్గు ఒకనాటి అడవి. అది సుమారు 25 కోట్ల ఏళ్లకు పైబడినది. భూమిమీద డిప్పరెక్కల పురుగులు మొట్టమొదట కనిపించిన కాలం కూడా ఇంచుమించు అదే. అప్పటికి చిటికెపురుగు లేదు, దాని ముత్తాతల ముత్తాతలు ఉండేవి. తరువాత, రాకాసిబల్లులు తిరిగిన కాలపు రాళ్లు కూడా ఆ వైపే ఉన్నాయి. ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర సుమారు 30 అడుగుల రాకాసిబల్లి ఎముకలు దొరికాయి. 1988లో దానికి కోటాసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉన్నది, వెళ్లినప్పుడు చూడండి. అదే రకం రాళ్లలో చేపలూ, పురుగులూ అచ్చుపడినవి కూడా దొరికాయి. చిటికెపురుగుల అచ్చులు మాత్రం ఆ యుగానికే చెందిన రాళ్లలో కజకస్తాన్‌లోనూ, చైనాలోనూ దొరికాయి. అంటే అంత పెద్ద రాకాసిబల్లులు తిరిగిన రోజుల్లోనే ఎక్కడో ఒక చిటికెపురుగు వెల్లకిలా పడి, "టక్" మని లేచి ఉంటుంది.

ఈ మాట చెప్పగానే మన కుర్రవాడు, "రాకాసిబల్లి వెల్లకిలా పడితే ఎట్లా లేచేది తాతా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. వాళ్ల అక్క నవ్వింది.

అంతలో గని సైరను కూసింది. రాత్రి షిఫ్టువాళ్లు టిఫిను డబ్బాలు పట్టుకుని మా ముందునుంచే నడిచిపోతున్నారు. కుర్రవాడు పలకను రెండు చేతులతో పట్టుకుని, మూడో పురుగు జారిపోకుండా మెల్లగా నడిచి, ప్రహరీ వెనక చీకట్లోకి తీసుకుపోయాడు. వాడు కనబడడంలేదు గాని చప్పుడు మాత్రం వినిపించింది. "టక్." కాసేపటికి మళ్లీ "టక్."

"నిలబడ్డది తాతా!" అని అరిచాడు.